కదలలేని వారి కంచము



ఈ మధ్య ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరములలో మూడు ఒకే సంగతిని అడిగాయి. ఇంట్లో పెద్దవారు మంచాన ఉన్నారు, లేక కుర్చీకే పరిమితమయ్యారు. బరువు పెరుగుతూనే ఉన్నది. నడవమని డాక్టరు చెబుతాడు, కాని నడవలేరు గదా, ఏమి చేయాలి? ఒక సహోదరి అయితే, "అత్తయ్యను లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరము చాలడము లేదు, నా నడుము కూడా పోయింది" అని వ్రాసింది.

దీనికి జవాబు మేము పుస్తకములలో నేర్చుకొనలేదు. హైదరాబాదులో, హైటెక్ సిటీ దగ్గర, ఒక తొమ్మిదవ అంతస్తు ఇంట్లో నేర్చుకున్నాము. అందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. అదీ దాచకుండా వ్రాస్తాము.

మా సంఘము సూర్యాపేట వైపు ఒక పల్లెలో ఉన్నది. అక్కడి ఇండ్లలో సగమింటి పిల్లలు ఇప్పుడు మాధాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలలో ఉద్యోగము చేస్తున్నారు. అందుచేత రెండు మూడు నెలలకొకసారి మేమును, మా ఇంటి అమ్మగారును అటు వెళ్లి వారిని చూచి వస్తాము. బస్సులో ఎల్.బి. నగర్‌లో దిగి మెట్రో ఎక్కడము, అమీర్‌పేటలో మారడము, హైటెక్ సిటీ స్టేషనులో దిగడము. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టూ బండలు, పొదలు ఎక్కువ. ఇప్పుడు తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

ఆ ఇంట్లో మా పల్లెకు చెందిన ఒక పెద్దమ్మ ఉన్నది. వయస్సు 68. మనుమని చూచుకొనడానికి కొడుకు దగ్గరికి వచ్చింది. పల్లెలో ఉన్నన్నాళ్లు పత్తి చేనులో పని చేసిన మనిషి. ఇక్కడికి వచ్చాక నడక అంటే వంటింటి నుండి టీవీ వరకే. మోకాళ్లు అరిగాయి. 2023లో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు, ఎముక అతికింది. కాని భయము పోలేదు. వాకరు పట్టుకొని పది అడుగులు, అంతే. 2024 జనవరిలో మేము వెళ్లినప్పుడు ఆమె బరువు 92 కిలోలు. ఎత్తు అయిదడుగులు. షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి.

"బరువు తగ్గాలని ప్రార్థన చేయుండ్రి అయ్యగారూ," అని అడిగింది. "నేనేమన్న ఎక్కువ తింటున్ననా? గింత అన్నమే."

అప్పుడు కొడుకు మమ్మును బాల్కనీలోకి పిలిచి ఇంకొక సంగతి చెప్పాడు. క్రిందటి నెలలో ఒక రాత్రి ఆమెకు ఆయాసము వచ్చింది. ఆ సమయానికి లిఫ్టు పని చేయలేదు. వాచ్‌మను, అతని తమ్ముడు, పక్కింటి కుర్రవాడు, తాను, నలుగురూ కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి తొమ్మిది అంతస్తులు దించారు. నాలుగవ అంతస్తు మలుపులో కుర్చీ కాలు విరిగింది. "ఆ రోజు అమ్మ చేతుల్లోంచి జారిపోయిందనుకున్నానండీ," అని ఆ అబ్బాయి కన్నీళ్లు పెట్టుకున్నాడు. నెలకు లక్ష దాటి జీతము తెచ్చుకొనే మనిషి. బరువు అనేది అందచందముల సంగతి కాదని మాకు ఆ రోజే తెలిసింది.

ఇక మా తప్పు. మేము ప్రార్థన చేసి, వచ్చేటప్పుడు ఒక సలహా ఇచ్చాము. "శుక్రవారము శుక్రవారము ఉపవాసముండు పెద్దమ్మా, ప్రార్థనా అవుతుంది, ఒళ్లూ తగ్గుతుంది" అన్నాము. ఆమె మా మాట మీద నమ్మకముంచి రెండు శుక్రవారములు ఉన్నది. ఉపవాసమైనా మాత్రలు మానకూడదని ప్రొద్దున్నే షుగరు మాత్ర మాత్రము వేసుకున్నది. రెండవ శుక్రవారము మధ్యాహ్నము రెండు గంటలకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. కోడలు ఇంటి నుండే కంప్యూటరు పని చేసుకునే రోజు కనుక సరిపోయింది. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించింది. పావుగంటలో తేరుకున్నది. ఎవరూ లేని రోజైతే ఏమయ్యేది? ఆ ప్రశ్న మమ్మును చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

కొన్ని షుగరు మాత్రలు, ముఖ్యముగా గ్లిమిపిరైడు వంటివి, ఇన్సులిన్ సూదులు తిన్నా తినకపోయినా రక్తములో చక్కెరను దించుతూనే ఉంటాయి. కడుపు ఖాళీగా ఉంటే ప్రమాదము. కాబట్టి మొదటి మాట ఇదే. షుగరు మందులు వాడే వారు ఆహారము తగ్గించడానికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు మోతాదు సరిచేయించుకొనవలెను. బి.పి. మాత్రలు, నీరు లాగే మాత్రలు వాడేవారికి కూడా ఇదే మాట. తిండి తగ్గి బరువు దిగే కొద్దీ బి.పి. కూడా దిగుతుంది, పాత మోతాదే వేసుకుంటే లేచేటప్పుడు కళ్లు తిరిగి పడతారు. పడడమే గదా వారికి అన్నిటికంటె పెద్ద ముప్పు. ఒకవేళ షుగరు పడిపోయి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి.

తోటి సేవకులకు ఒక మాట. సంఘములో ఉపవాస ప్రార్థన ప్రకటించేటప్పుడు షుగరు ఉన్నవారు, గర్భిణులు, మందుల మీద ఉన్నవారు తిని రావలెనని అదే నోటితో చెప్పండి. మేము ఇప్పుడు ప్రతిసారి చెబుతున్నాము.

తరువాతి వారము మేము సెలవు పెట్టుకొని మళ్లీ వెళ్లాము. ఆమెతో కూడ డాక్టరు దగ్గరికి, అక్కడ నుండి డైటీషియను దగ్గరికి వెళ్లాము. ఆ డైటీషియను చిన్న పిల్ల, పాతికేండ్లు ఉంటాయేమో, కాని లెక్క మాత్రము మాకు పలక మీద వ్రాసి చెప్పినట్టు చెప్పింది.

హైదరాబాదులో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలైన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశములో ఎవరికి ఎంత ఆహారము కావాలో లెక్కలు కట్టేది వారే. వారి 2020 లెక్క ప్రకారము, కష్టము చేయకుండా కూర్చొనే పని చేసే 55 కిలోల స్త్రీకి దినమునకు సుమారు 1660 కేలరీలు చాలు, 65 కిలోల పురుషునికి 2110. నడకే లేని వారికి, పైగా వయస్సు మళ్లిన వారికి ఇంకా తక్కువే. మన పెద్దమ్మ ఒళ్లు బరువైనది కనుక ఆ బరువును నిలుపుకొనడానికే కొంత ఖర్చవుతుంది. ఆ అమ్మాయి లెక్క ప్రకారము ఆమెకు 1550 వరకు పడుతుంది.

ఇక్కడ ఒక చిక్కున్నది. సాధారణముగా బరువు తగ్గేవారికి వారమునకు అరకిలో తగ్గితే క్షేమమని పోషకాహార సంస్థ చెబుతుంది. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలుంటాయి. అరకిలో తగ్గాలంటే దినమునకు 500కు పైగా తగ్గించవలెను. నడిచేవాడైతే అందులో సగము నడకలో ఖర్చు పెడతాడు. నడవలేని మనిషి మొత్తమూ కంచములోనుండే తీసివేయాలి. 1550లో 500 తీస్తే మిగిలేది 1050. బరువు తగ్గించే ఆహారము 1000 కేలరీలకు తగ్గకూడదని కూడా ఆ సంస్థే చెబుతున్నది. అంటే మన పెద్దమ్మ గీత అంచున నిలబడుతుంది. ఇంకా సన్నని, ఇంకా ముసలి మనిషి అయితే గీత దాటిపోతుంది.

అందుచేత కదలలేని వారికి అరకిలో కాదు, వారమునకు పావుకిలో చాలును అని ఆమె చెప్పింది. దినమునకు 250 కేలరీలు తగ్గితే చాలు. మేము ఆశ్చర్యపడ్డాము. "ఇంత తక్కువా?" అని అడిగాము. "సార్, పావుకిలో చొప్పున సంవత్సరానికి పదమూడు కిలోలు. అందులో సగమొచ్చినా ఆమె జీవితం మారుతుంది," అన్నది. పట్టిక ప్రకారము అయిదడుగుల మనిషి 58 కిలోలు దాటకూడదు. ఆ అంకె ఆమెకు చెప్పనే వద్దన్నది. మొదట ఉన్న బరువులో పదవ వంతు, అంటే తొమ్మిది కిలోలు, అది చాలు. ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారము తగ్గుతుందట. పది అడుగులు వేసే మనిషికి ఆ నాలుగు కిలోల విలువ ఎంతో మనకు తెలియదు, ఆమె మోకాలికి తెలుస్తుంది.

తొందరపడితే ఏమవుతుంది? కదలని శరీరములో కండ ముందే కరిగిపోతూ ఉంటుంది. గబగబా బరువు దించితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కాటా మీద అంకె తగ్గుతుంది గాని లేచి నిలబడే బలము కూడా తగ్గుతుంది. మంచము మీద ఉన్నవారికి వీపున, పిరుదుల దగ్గర పుండ్లు పడితే మానడానికి మాంసకృత్తులు కావాలి. అవి చాలకపోతే పుండు మానదు. పిత్తాశయములో రాళ్లు పడడము కూడా వేగముగా తగ్గినవారిలోనే ఎక్కువ.

సరే, ఆ 250 కేలరీలు ఎక్కడ దొరికాయి? ఇది మా ఇంటి అమ్మగారు చేసిన పని, పేరు ఆమెదే. ఆమె రెండు రోజులు ఆ ఇంట్లోనే ఉండి, ఒక చెంచా, ఒక పుస్తకము పట్టుకొని వంటింట్లో కూర్చున్నది. పెద్దమ్మ చెప్పింది నిజమే. అన్నము ఎక్కువ తినడము లేదు.

కాని టీ త్రాగుతుంది, దినమునకు నాలుగు సార్లు. "షుగరు కదా, పంచదార వేసుకోను, బెల్లమే," అన్నది. గ్లాసుకు రెండు చెంచాల బెల్లము. నాలుగు గ్లాసులకు 40 గ్రాములు, సుమారు 150 కేలరీలు. బెల్లమైనా, తేనె అయినా, పంచదారైనా శరీరమునకు దాదాపు ఒకటే లెక్క. మన పల్లెలలో ఎంతమంది షుగరు రోగులు ఈ బెల్లము టీతో తమను తాము మోసపుచ్చుకుంటున్నారో!

తరువాత నూనె. దీనికి ఒక తేలిక లెక్క ఉన్నది, మీరూ ఈ నెల చేసి చూడండి. నెలకు ఎన్ని లీటర్ల నూనె కొన్నారో, దానిని మనుషుల సంఖ్యతో, 30 రోజులతో భాగించండి. ఆ ఇంట్లో నలుగురు, నెలకు అయిదు లీటర్లు. మనిషికి దినమునకు దాదాపు 38 గ్రాములు పడింది. 2000 కేలరీలు తినే మనిషికే 27 గ్రాములు చాలునని పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో ఉన్నది. గ్రాము నూనెకు తొమ్మిది కేలరీలు. పెద్దమ్మ వాటాలో రెండు చిన్న చెంచాలు తగ్గిస్తే 90 కేలరీలు. బెల్లము 150, నూనె 90. మొత్తము 240. అన్నము ఒక్క మెతుకు ముట్టుకొనకుండానే దాదాపు లెక్క సరిపోయింది!

నూనె సీసా నుండి వంచడము మానివేసి చెంచాతో కొలిచి పోయడము మొదలుపెట్టారు. బెల్లము ఒక్కసారిగా తీసివేయలేదు. రెండు చెంచాలు ఒకటిన్నర, తరువాత ఒకటి, ఇలా ఆరు వారములకు లేకుండా అయ్యింది. ఇప్పుడు తీపి టీ ఇస్తే ఆమెకే వెగటు.

ఆ తరువాతనే కంచము సంగతి. అన్నమును మాన్పించలేదు. అన్నము మానిపిస్తే మన మనిషి మూడవ రోజే తిరగబడుతుంది. బియ్యము, జొన్నలు అన్నీ కలిపి దినమునకు 150 గ్రాములు కొలిచి పెట్టారు. జొన్న రొట్టె తింటే బరువు తగ్గుతుందని పల్లెలో, పట్నములో ఒక ప్రచారమున్నది. జొన్నలోను, రాగిలోను, బియ్యములోను కేలరీలు దాదాపు సమానమే. పీచు ఎక్కువ గనుక జొన్న రొట్టె కడుపు నిండుగా ఉంచుతుంది, అది మంచిదే. అంతేగాని నాలుగు రొట్టెలు తిని తగ్గాలంటే తగ్గరు. నమలలేని వారికి పలుచని అంబలి మంచిది.

అసలు మార్పు పప్పు, గ్రుడ్డులలో వచ్చింది. ఆమె కంచములో అప్పటివరకు అన్నము కొండ, దాని మీద పప్పుచారు వాన. చారులో పప్పు వెతికితే గాని దొరకదు! దినమునకు 60 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నారు. గ్రుడ్డులో ఆరు గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో పదకొండు, 30 గ్రాముల మీల్‌మేకరులో పదిహేను వరకు, వంద గ్రాముల చేపలో దాదాపు పద్దెనిమిది. ప్రొద్దున రెండు ఉడికించిన గ్రుడ్లు, మధ్యాహ్నము గట్టి పప్పు, రాత్రి చేప లేక మీల్‌మేకరు, మధ్యలో చిలికిన పలుచని మజ్జిగ. ఉలవలు కూడా వాడారు. మూత్రపిండములు దెబ్బతిన్న వారు మాత్రము డాక్టరును అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు. ఈ మాట చిన్నదని దాటిపోకండి.

కూరగాయలు 400 గ్రాములు. ఇది చెప్పినంత సులభము కాదు. సొర, బీర, పొట్ల, తోటకూర, పాలకూర. కొడుకు ఆదివారము మధ్యాహ్నము కూకట్‌పల్లి రైతు బజారుకు పోయి సంచెడు తెస్తాడు. కంచములో కూర ముందు, అన్నము తరువాత, ఇది కోడలు పెట్టిన నియమము. నీళ్లు తగినన్ని త్రాగాలి. కదలని వారికి మలబద్ధకము పెద్ద బాధ. పీచు పెంచి నీరు పెంచకపోతే అది మరింత ముదురుతుంది. చాలామంది పెద్దవారు మరుగుదొడ్డికి లేవలేక నీళ్లు మానుకుంటారు. నోరు విడిచి చెప్పరు, మనమే కనిపెట్టి అడగాలి.

ఆ ఇంట్లో ఇంకొక రోగి ఉన్నాడని మాకు తరువాత తెలిసింది, ఆ కొడుకే. రెండు కాళ్లూ బాగున్నవి. కాని ప్రొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తాడు. అమెరికా వారితో ఫోనులుంటే పదకొండు. తల్లికి కాళ్లు లేక కదలిక లేదు, కుమారునికి కాళ్లుండి లేదు! హైదరాబాదు విశ్వవిద్యాలయము వారు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అను పత్రికలో ప్రకటించారు. అందులో 84 శాతము మందికి కాలేయములో కొవ్వు పేరుకొని ఉన్నది. 71 శాతము మంది స్థూలకాయులు. ఇతడు కూడా కాలేయము పరీక్ష చేయించుకున్నాడు. ఫలితము ఏమని వచ్చిందో మీరే ఊహించుకొనగలరు.

ఈ సంగతి ఒక విధముగా మేలే చేసింది. అప్పటివరకు "అమ్మకు పత్యము" అని వేరే గిన్నెలో చప్పిడి వండేవారు. మిగతావారు రాత్రి పదింటికి ఫోనులో బిర్యానీ తెప్పించుకొనేవారు. ఆ వాసన ఇల్లంతా! కుర్చీలో కూర్చున్న మనిషి ఎక్కడికి లేచిపోగలదు? కొడుకుకు కూడా అదే తిండి కావలసి వచ్చేసరికి ఇంట్లో ఒక్కటే వంట అయ్యింది. పెద్దమ్మ అప్పటి నుండే మనస్ఫూర్తిగా తినడము మొదలుపెట్టింది. ఇది మేము ముఖ్యమనుకుంటున్నాము. పత్యము ఒక్కరికే పెడితే అది శిక్షవలె ఉంటుంది.

మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివాడై రాజు బల్ల యొద్ద భోజనము చేసిన సంగతి మీద మేము ఎన్నో ప్రసంగములు చేశాము. కృపను గూర్చి చెప్పాము గాని, అతడు అందరితో కూడ, ఒకే బల్ల మీద, అదే భోజనము తిన్నాడన్నది మా మనస్సుకు ఆ ఇంట్లోనే తట్టింది.

ఇక బరువు తూచడము. నిలబడలేని వారిని ఎలా తూస్తారని ఉత్తరములలో అడిగారు. పట్నములో కొన్ని పెద్ద ఆసుపత్రులలో చక్రాల కుర్చీతో సహా ఎక్కించే కాటాలుంటాయి. పల్లెలో మనకు అంతకంటె సులువు ఉన్నది. ధాన్యము తూచే కాటా ఉన్నది గదా! కుర్చీతో సహా మనిషిని దాని మీద పెట్టండి, తరువాత కుర్చీని ఒక్కదానినే తూచి తీసివేయండి. మా పల్లెలో ఒక తాతను అలా తూచినప్పుడు, "నన్ను ఏ మార్కెట్‌కు తోలుతరు?" అని అందరినీ నవ్వించాడు. నెలకు ఒక్కసారి చాలు. అదీ కుదరకపోతే నడుము చుట్టూ టేపు పెట్టి కొలిచి, గోడ మీది కాలెండరులో వ్రాసుకొనండి. మన దేశస్థులలో స్త్రీకి 80 సెంటీమీటర్లు, పురుషునికి 90 దాటితే జాగ్రత్త పడవలసినదే. కాళ్లు తీసివేసిన వారికి, పక్షవాతముతో కండ కరిగిన వారికి ఎత్తు బరువుల పట్టిక సరిపోదు. వారు దానిని చూచి బెంగపడనక్కరలేదు.

రెండు మూడు రోజులలోనే రెండు కిలోలు పెరిగి, కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఆయాసము వస్తే అది కొవ్వు కాదు, నీరు. గుండె, మూత్రపిండముల సంగతి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఏ ప్రయత్నము లేకుండా బరువు దిగిపోతున్నా సంతోషించకండి, పరీక్ష చేయించండి. కీళ్ల నొప్పులకు స్టెరాయిడు మాత్రలు వాడేవారికి వాటివలననే బరువు పెరుగుతుంది. అయినా వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా మానకూడదు, ప్రాణము మీదికి వస్తుంది.

డబ్బాల పొడులు అమ్మేవారు గుడి వాకిట్లో, చర్చి వాకిట్లో కూడా నిలబడుతున్నారు. నెలకు అయిదారు వేలు. అందులో ఏమున్నదో చాలాసార్లు అమ్మేవానికే తెలియదు. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికి సంవత్సరము గ్రుడ్లు రాకపోయినా చాలా నెలలు వస్తాయి. వారానికొక సూదితో ఆకలి తగ్గించే మందులు 2025 నుండి మన దేశములో కూడ దొరుకుతున్నాయి. అవి నిజమైన మందులే, కాని కండ తగ్గే భయము వాటితోను ఉన్నది. డాక్టరు చేతి మీదుగా తప్ప ముట్టకండి. పెద్దమ్మకు అవి వాడలేదు.

కుర్చీలో కూర్చొనే చేయగల కదలికలు ఫిజియోథెరపీ అబ్బాయి నేర్పాడు. మోకాలు చాచి పది లెక్కించడము, అరలీటరు నీళ్ల సీసా పట్టుకొని చేయి పైకెత్తడము. వీటివల్ల కేలరీలు పెద్దగా కరగవు, కండ నిలుస్తుంది. మనుమడు పక్కన కూర్చొని లెక్క పెడతాడు. పిల్లవాడు ఏడు తరువాత తొమ్మిది అంటే ఆమె ఊరుకోదు.

అన్నిటికంటె కష్టమైనది సాయంకాలము నాలుగు గంటలు. కొడుకు, కోడలు పనిలో, మనుమడు బడిలో. ఇల్లు నిశ్శబ్దము. పక్కింటివారి పేరు తెలియదు. పల్లెలో ఆ వేళకు అరుగు మీద నలుగురు కూర్చునేవారు. ఇక్కడ ఆమెకు తోడు సకినాల డబ్బా. ఆకలి కాదది. నూనెలో వేగిన పిండివంటలు వంద గ్రాములకు 500 కేలరీల వరకు ఉంటాయి. ఆ డబ్బా తెచ్చేది ఎవరు? మేమే! పల్లె నుండి వచ్చే ప్రతివాడు ఖాళీ చేతులతో రాకూడదని సకినాలు, అరిసెలు, కారప్పూస మోసుకొస్తాము. ఆమె కోసము ప్రార్థన చేసి, ఆమె చేతిలో డబ్బా పెట్టి వస్తాము. మా సంఘములో ఒక ఆదివారము ఈ మాట చెప్పాము. కొందరు నొచ్చుకున్నారు. ఒక అత్తమ్మ మాత్రము ఆ రోజు నుండి సాయంత్రము నాలుగింటికి పెద్దమ్మకు ఫోను చేయడము మొదలుపెట్టింది. ఇద్దరూ అరగంట కోడండ్లను గూర్చి మాట్లాడుకుంటారు. డైటీషియను కూడా ఇంత మంచి మందు వ్రాయలేదు.

అంతా సాఫీగా జరిగిందని అనుకొనకండి. రెండవ నెలలో అర కిలో కూడా తగ్గలేదు. క్రిస్మస్ నెలలో ఒకటిన్నర కిలో పెరిగింది. కోడలు ఒకసారి విసిగి, "నా వల్ల కాదు అత్తయ్యా" అని ఏడ్చింది. పెద్దమ్మ కూడా ఏడ్చింది. మరుసటి రోజు మళ్లీ చెంచా పట్టుకున్నారు. 2025 మార్చి నాటికి, అంటే పదునాలుగు నెలలకు, 83న్నర కిలోలు. డాక్టరు షుగరు మాత్రలలో ఒకటి తగ్గించాడు. ఇప్పుడు కోడలు ఒక్కతే చేయి పట్టి లేపగలదు. వాకరుతో తలుపు దాటి లిఫ్టు వరకు వెళుతుంది. క్రింద తోటలో బల్ల మీద కూర్చొని వస్తుంది. అక్కడ మన కరీంనగర్ వైపు నుండి వచ్చిన ఇంకొక ముసలమ్మ పరిచయమైంది.

మొన్న మేము బయలుదేరే ముందు ఫోను చేసి ఏమి తేవాలని అడిగాము. "కారప్పూస తేకుండ్రి అయ్యగారూ," అన్నది. "మా పెరట్ల గోంగూర రెండు కట్టలు తెండ్రి. పచ్చడికి గాదు, పప్పులకు. నూనె కోడలు కొలిచే పోస్తది."